చైనా పాత పింగాణీ మీది బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

పాత పింగాణీ శుభ్రం చేయడం, విరిగినవి అతికించడం నా పని. పళ్ళెం తెచ్చినవాళ్ళు ముందు చేసే పని దాన్ని తిరగేసి అడుగు చూపించడం.

అపోహ: అడుగున ఏ చక్రవర్తి పేరుంటే ఆయన కాలం నాటిదే.

కాదండి. కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో (1662-1722) చేసిన వాటి మీద రెండు వందల ఏళ్ళ ముందటి చక్రవర్తి చెంగ్‌హువా పేరు రాయడం మామూలే, చాలాసార్లు అది మోసం కాదు, పాత పనితనం మీద గౌరవం. పైగా 1677లో పింగాణీ బట్టీల ఊరు జింగ్‌డేజెన్ ప్రాంతపు అధికారి ఒకరు పింగాణీ మీద చక్రవర్తి పేరు రాయొద్దని ఆపించాడు, పగిలి చెత్తలో పడితే అపచారమని. అందుకే అడుగున ఉత్త నీలం వలయాలో, ఆకు బొమ్మో ఉన్న మంచి పాత్రలు చాలా ఉన్నాయి. ఖాళీగా ఉందని పక్కన పెట్టేయకండి.

అపోహ: పైన బొమ్మలు ఉత్త అలంకారం.

ఈ మాట వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. గోడ ఎక్కుతున్న కుర్రాడు, వాడికంటే ముందే తోటలో పడ్డ బూట్లు, అటుపక్క ఇద్దరమ్మాయిలు ఉన్నారనుకోండి, అది వాంగ్ షిఫు రాసిన 'షీషియాంగ్ జీ' నాటకంలోది. నాయిక యింగ్‌యింగ్ పంపిన పద్యం చదివి, రాత్రికి రమ్మందనుకుని ఆ కుర్రాడు జాంగ్ గోడ దూకుతాడు, తీరా వెళ్తే ఆమె చీవాట్లు పెడుతుంది. రెండో అమ్మాయి పనిపిల్ల హొంగ్‌న్యాంగ్. తోలుబొమ్మలాటలో తోక కనబడగానే మనకు హనుమంతుడని తెలిసిపోయినట్టు, అక్కడివాళ్ళకు ఆ బూట్లు చాలు. ఇలాంటి బొమ్మలు చాలావరకు చెక్క అచ్చులతో వేసిన పుస్తకాల్లోంచి వచ్చినవే, కాబట్టి ముందు కథ పట్టుకోండి, అడుగు తర్వాత చూడొచ్చు.

అపోహ: గులాబీ రంగుంటే ఇంకా పాతది.

ఆ గులాబీ బంగారం నుంచి వస్తుంది, చైనా పింగాణీ మీదకు అది 1720 ప్రాంతంలోనే చేరింది. గులాబీ రంగుండి అడుగున చెంగ్‌హువా పేరుంటే ఆ పేరు నమ్మక్కర్లేదు.

అపోహ: బట్టీలో కాలిన రంగు కదా, ఎంత తోమినా పోదు.

పాత్ర సుమారు 1300 డిగ్రీల దగ్గర కాలుతుంది. ఎనామెల్ రంగులు ఆ తర్వాత గ్లేజు (గాజులాంటి మెరుపు పూత) పైన వేసి, అంతకంటే చాలా తక్కువ వేడిలో మళ్ళీ కాలుస్తారు. వేలితో నెమ్మదిగా రాస్తే ఉబ్బెత్తుగా తగులుతాయి, అంటే రాపిడికి ముందు దొరికేవీ అవే. బంగారు గీతలు ఇంకా సుకుమారం. ఒకావిడ పండక్కని చింతపండు, పీచు పెట్టి పళ్ళెం తోమి తెచ్చారు, యింగ్‌యింగ్ చేతి అంచున ఉండాల్సిన బంగారు గీత లేదు, ఏటవాలు వెలుతురులో చూస్తే దాని జాడ మాత్రం మసకగా ఉంది. దాన్ని నేను తిరిగి తేలేను. ప్లాస్టిక్ టబ్బులో తువ్వాలు పరిచి, మామూలు నీళ్ళతో మెత్తటి బ్రష్ పెట్టి కడగండి, నానబెట్టకండి, పాత అతుకుంటే ఊడొస్తుంది.