ఫిర్యాదు తిరిగి స్టేషన్‌కే చేరే దారి

మానవ హక్కుల సంఘాల నిజనిర్ధారణ బృందం వచ్చి, బాధితులతో మాట్లాడి, కారు ఊరు దాటాక వాళ్ళకు ఏమవుతుందన్న ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది. బృందంతో మాట్లాడినవాళ్ళను స్టేషన్‌కి పిలిపించడం, పాత గొడవ తవ్వి కౌంటర్ కేసు పెట్టడం, పెద్దమనుషులతో రాజీ కబురు పంపడం... గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పల్లెలకు ఈ వరుస కొత్త కాదు. కారంచేడు దళితుల హత్యల సంగతి అందరికీ తెలుసు, అక్కడి నుంచి మొదలుపెట్టను. ఫిర్యాదుదారులకూ సాక్షులకూ రక్షణ ఎవరిదన్న ఇప్పటి తగాదా అర్థం కావాలంటే చూడాల్సింది చుండూరు. అక్కడ కూడా హత్యల కన్నా ముందు కోర్టును చూడాలి.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపేశారు. అప్పటికది గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల. సాక్షులూ ముద్దాయిలూ ఆ ప్రాంతంవాళ్ళే. ఎవరి పొలంలో కూలికి వెళ్ళారో వాళ్ళ మనుషుల మీదే సాక్ష్యం చెప్పాలి. విచారణ మా ఊళ్ళోనే జరగాలని బాధితులు పట్టుబట్టారు. పైకి ఇది విడ్డూరంగా ఉంటుంది. భయం ఉన్నచోటికే కోర్టును తెమ్మంటారా ఎవరైనా? కానీ కూలి పోగొట్టుకుని, ముద్దాయిల మనుషులు నిలబడ్డ బస్టాపులోనే బస్సెక్కి, ఒంటరిగా జిల్లా కోర్టుకు వెళ్ళి రావడం ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు. ఊళ్ళో అయితే వెనక వాడంతా ఉంటుంది. చివరికి ప్రత్యేక కోర్టు చుండూరుకే వచ్చింది. 2007 జూలై 31న అక్కడే తీర్పు చెప్పి, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది, దాని మీద వాదన వేరే. సాక్షులు పదహారేళ్ళు నిలబడ్డారన్నది మాత్రం ఆ విడుదలతో చెరిగిపోలేదు.

సాక్షి దగ్గరకు వ్యవస్థ వెళ్ళిన ఉదాహరణ అది. చట్టాలు మాత్రం ఎదురు దిక్కుకు నడిచాయి.

1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టమే తీసుకోండి. మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పిన మాటను ఆ మనిషి మీదే కేసుకు వాడకూడదని, అబద్ధపు సాక్ష్యమైతే తప్ప, 15వ సెక్షన్ అంటుంది. మంచిదే. ఇంటి మీదికొచ్చి బెదిరిస్తే, కూలి పని మాన్పిస్తే, ఊళ్ళో మాట బంద్ చేస్తే ఏం చేయాలో ఆ సెక్షన్ చెప్పదు. ఇక 17వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు అందగానే కమిషన్ ప్రభుత్వాన్ని గానీ, కింది అధికారిని గానీ నివేదిక అడగొచ్చు. పోలీసుల మీద ఫిర్యాదైతే ఆ కాగితం ఎస్పీ ఆఫీసుకు, అక్కడి నుంచి డీఎస్పీకి, ఆఖరికి చాలాసార్లు అదే స్టేషన్‌కు చేరుతుంది. ఫిర్యాదుదారు పేరు, చిరునామా దాని మీదే ఉంటాయి. పైగా ఆంధ్రప్రదేశ్ కమిషన్‌ను 2021లో కర్నూలులో పెట్టారు. ఫిర్యాదు పోస్టులో పంపొచ్చు, నిజమే. కర్నూలులో హియరింగ్‌కు రమ్మంటే గుంటూరు మనిషి అంత దూరం వెళ్ళాల్సిందే.

నివేదిక రాయాలంటే ఫిర్యాదుదారును పిలిచి మాట్లాడకుండా ఎలా అని పోలీసులు అంటారు. అందులో న్యాయం లేకపోలేదు. పిలిచేది ఎవరన్నదే అసలు పేచీ.

అంతర్జాతీయంగా ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడో ఉంది. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందం 13వ అధికరణ ఫిర్యాదుదారుకూ సాక్షులకూ వేధింపుల నుంచి రక్షణ ఇవ్వాలంటుంది. భారత్ 1997లో సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. అందుకోసం తెచ్చిన బిల్లు 2010లో లోక్‌సభ దాటి, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి వెళ్ళి, అలాగే మురిగిపోయింది. ఐరాసతో సహకరించినందుకు ఎవరెవరిని వేధించారో సెక్రటరీ జనరల్ ఏటా నివేదిక ఇస్తారు. మానవ హక్కుల మండలి సమావేశాలకని జెనీవా బయల్దేరిన కశ్మీర్ మానవ హక్కుల కార్యకర్త ఖుర్రం పర్వేజ్‌ను 2016 సెప్టెంబరులో ఢిల్లీ విమానాశ్రయంలో ఆపేసిన సంగతి కూడా ఆ నివేదికలకెక్కింది.

ఇక్కడ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ కొంత నయం. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న 15ఏ సెక్షన్ బాధితులను, వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళను, సాక్షులను బెదిరింపుల నుంచి కాపాడే బాధ్యత రాష్ట్రానిదే అని తేల్చింది. చుండూరు వాసన అందులో ఉంది. కానీ అది ఆ చట్టం కింద కేసు నమోదైనవాళ్ళకే.

మిగతావాళ్ళకు దిక్కుగా వచ్చింది 2018 సాక్షుల రక్షణ పథకం. ఆ ఏడాది డిసెంబరు 5న మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు దాన్ని చట్టంగా పాటించమంది. జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ, మూడు నెలల చొప్పున రక్షణ, అవసరమైతే వేరే చోటికి తరలింపు. వినడానికి బాగుంది. అయితే అది ముఖ్యంగా మరణశిక్ష, యావజ్జీవం, ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాలకు. మామూలుగా కొట్టిన కేసుకు గరిష్ఠ శిక్ష ఏడాదే. లాకప్ దెబ్బల మీద మానవ హక్కులవాళ్ళతో మాట్లాడిన మనిషి కేసు ఏ సెక్షన్ కింద నమోదవుతుందో, అసలు నమోదవుతుందో లేదో ముందు స్టేషన్ తేల్చాలి. ఆ గడప దాటి దరఖాస్తు పెట్టుకున్నా, ముప్పు ఎంతో అంచనా వేసిన నివేదిక కమిటీకి కావాలి. దానికి గడువు అయిదు పనిదినాలు. రాసేది ఆ సబ్‌డివిజన్ డీఎస్పీ.