డిగ్రీ జాబితాకెక్కని నాటకం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల నేపథ్యం

డిగ్రీ ప్రవేశాల వేళ నెల్లూరు, ఒంగోలులలో పాత వివాదమే మళ్లీ తలెత్తింది. రంగస్థల కళలను డిగ్రీలో సబ్జెక్టుగా పెట్టాలని కళాకారులు, కొందరు విద్యార్థులు అడుగుతుంటే, చేరేవాళ్లే లేని కోర్సు ఎలా నడపమంటారని కళాశాలల యాజమాన్యాలు ఎదురు ప్రశ్నిస్తున్నాయి.

ఒంగోలులో అయ్యవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడి నాటకాల్లో చిన్ననాటి ప్రకాశం పంతులు వేషాలు కట్టడం, సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ ‘ఎన్.జి.ఓ.’ నాటకంతో పేరు తెచ్చుకోవడం ప్రతి సభలోనూ చెప్పుకునేవే. వాటివల్ల ఈ సీమకు నాటకం కొత్త కాదని తేలుతుంది గానీ, తరగతి గదిలోకి అది ఎందుకు రాలేదో తేలదు. అది తెలియాలంటే 1983కు వెళ్లాలి.

ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం సంగీత నాటక అకాడమీతో పాటు సాహిత్య, లలితకళా అకాడమీలను రద్దు చేసింది. 1985 డిసెంబరు 2న హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడి, ఆ అకాడమీల బాధ్యతలు చాలావరకు దాని చేతికి వచ్చాయి. నాటకానికి ఒక విశ్వవిద్యాలయ శాఖ దక్కడం అప్పట్లో గొప్ప విషయమే. అయితే ఆ శాఖ రాజధానిలో, ప్రధానంగా పీజీ స్థాయిలో కుదురుకుంది. కింద డిగ్రీలో నాటకం లేకుండా పైన పీజీ పెడితే విద్యార్థులు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకు ఆనాడు జవాబు వెతికిన జాడ లేదు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు రంగస్థల కళల శాఖ ఉన్నా, అది నెల్లూరుకు సుమారు ఆరు వందల కిలోమీటర్ల దూరం. నెల్లూరు కళాశాలలు అప్పుడు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కిందా, ప్రకాశం కళాశాలలు ఎక్కువగా నాగార్జున విశ్వవిద్యాలయం కిందా ఉండేవి. నాటకం చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక విశ్వవిద్యాలయమే ఉందన్న ధీమా వాటికి కలిగి ఉంటే ఆశ్చర్యం లేదు. ఈనాటి చిక్కుకు మూలం ఇక్కడే ఉందని ఈ కథనం భావన.

దాని ఫలితం కళాశాలలో కళ్లకు కడుతుంది. బీఏ తెలుగు తరగతిలో నాటకం పాఠ్యభాగమే. అధ్యాపకుడు పద్యం చదివి తాత్పర్యం చెబుతారు, పరీక్షలో ‘నాయక పాత్ర చిత్రణను వివరించండి’ అని అడుగుతారు. ఎవరూ లేచి నిలబడి ఆ మాట పలకరు, రంగం మీద ఎటునుంచి రావాలో, వెలుతురు ఎవరి మీద పడాలో ఆలోచించరు. ఆ పని ఏడాదికి ఒక్కసారి, యువజనోత్సవాలకు కొన్నాళ్ల ముందు జరుగుతుంది. ఏకాంకికకు ముప్పై నిమిషాలకు మించి గడువుండదు, తొమ్మిది మందికి మించి జట్టుండదు. బయటి నుంచి ఒక దర్శకుణ్ణి పిలిపిస్తారు, తరగతులు అయ్యాక ఏదో ఒక గదిలో బల్లలు పక్కకు జరిపి రిహార్సల్ చేయిస్తారు. బహుమతి వస్తే ఫోటో నోటీసు బోర్డుకు ఎక్కుతుంది, మార్కుల జాబితాకు మాత్రం ఎక్కదు. ఢిల్లీ జాతీయ నాటక పాఠశాలలో సీటు కోరేవారికి డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న అనుభవం ఉండాలి. ఏడాదికొక ఏకాంకికతో మూడేళ్లు గడిపిన విద్యార్థి ఆ లెక్కకు సగం దూరంలోనే ఆగిపోతాడు.

2014 విభజన చట్టం ఈ లోటును బయటపెట్టింది. తెలుగు విశ్వవిద్యాలయం పదో షెడ్యూలు సంస్థల్లో, అంటే రెండు రాష్ట్రాలకూ సంబంధించిన ఉమ్మడి సంస్థల జాబితాలో, చేరింది. ఉన్నత విద్యలో రెండు రాష్ట్రాల విద్యార్థులకూ ఉన్న పాత ప్రవేశాల కోటాలు పదేళ్లకు మించకుండా కొనసాగుతాయని చట్టం చెప్పింది, ఆ గడువు 2024 జూన్ 2తో తీరింది. నెల్లూరు జిల్లాకు 2008లో పెట్టిన పొట్టి శ్రీరాములు పేరే ఆ విశ్వవిద్యాలయానికీ ఉండేది. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ దానిని సురవరం ప్రతాపరెడ్డి పేరుకు మార్చింది. పేరు మార్పు మీద ఇక్కడ గట్టి నిరసనలే వినిపించాయి, సీట్ల గురించి మాట్లాడినవారు తక్కువ. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల పీజీ అందరికీ తెరిచే ఉంది, కానీ అక్కడ దేశమంతటితో పోటీ పడాలి.

ఈలోగా 2008లో నెల్లూరుకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, తర్వాత ఒంగోలుకు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వచ్చాయి. తిరుపతి వైపో గుంటూరు వైపో చూడాల్సిన అవసరం తీరింది కాబట్టి, ఇప్పుడైనా మొదలుపెట్టవచ్చు కదా అన్నది కళాకారుల వాదన.

యాజమాన్యాల మాటలోనూ నిజం లేకపోలేదు. బోధించేవారు లేరు, ఉద్యోగాలు లేవు అంటున్నారు. ప్రభుత్వ డిగ్రీ అధ్యాపకుల నియామకాల్లో రంగస్థల కళల పోస్టులు కనబడని మాట వాస్తవం. అయితే అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో నాటకం, రంగస్థలం ఉన్న ప్రదర్శక కళల సబ్జెక్టు ఉంది, అందులో అర్హత సాధించినవారిని తీసుకునే పోస్టే ఇక్కడ లేదు. చేరేవారు లేరనడం, చేరడానికి సబ్జెక్టు లేకపోవడం ఒకదాన్నొకటి సాకుగా చూపుకుంటున్నాయి.

2023–24లో అమల్లోకి వచ్చిన సింగిల్ మేజర్ విధానంలో విద్యార్థి ఒక ప్రధాన సబ్జెక్టు (మేజర్)తో పాటు ఒక అనుబంధ (మైనర్) సబ్జెక్టును ఎంచుకోవాలి. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాల అయితే తన పాఠ్య ప్రణాళికా మండలి, విద్యా మండలి ఆమోదంతో కొత్త కోర్సును ప్రతిపాదించుకోవచ్చు. ఈసారి కళాకారులు అడుగుతున్నది పూర్తి డిగ్రీని కాదు, ఆ మైనర్‌నే. అధ్యాపకుడి జీతం ఎవరిస్తారన్న దగ్గర చర్చ ఆగి ఉంది.