నూటికి మూడున్నర మంది

2015-16లో 12 రాష్ట్రాల్లో సర్వే వాళ్లు ఇల్లిల్లూ తిరిగి, 18 ఏళ్లు నిండిన 34,802 మందిని కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. నిద్ర పడుతోందా, జనంలోకి వెళ్లాలంటే భయమేస్తోందా, కారణం లేకుండా గుండె దడదడలాడుతోందా అని. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ఇది. అకారణ భయాలు, గాభరా, ఒత్తిడి వల్ల వచ్చే జబ్బులు అన్నీ కలిపితే పెద్దవాళ్లలో నూటికి 3.5 మందికి ఉన్నట్టు తేలింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు.

ఆ 12 రాష్ట్రాల్లో తమిళనాడు ఉంది, కేరళ ఉంది, మనకు ఆనుకునే ఉన్న ఛత్తీస్‌గఢ్ కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మాత్రం లేవు. మన సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ మూడున్నర ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

పరీక్ష ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు. కూతురి పెళ్లి కుదిరేదాకా తండ్రి పడే టెన్షన్ కూడా జబ్బు కాదు. కారణం తీరిపోయినా ఆందోళన తీరకుండా, ఒకదాని తర్వాత ఇంకోదాన్ని పట్టుకుంటూ ఆరు నెలలకు పైగా సాగి, నిద్రనీ పనినీ చెడగొడితే అప్పుడు డాక్టర్లు దాన్ని జబ్బు అంటారు. పానిక్ దాడి వేరే రకం. ఉన్నట్టుండి చెమటలు, ఊపిరాడకపోవడం, ఇక చచ్చిపోతానన్న భయం, అన్నీ నిమిషాల్లో ముంచుకొస్తాయి. గుండెపోటేమోనని అర్ధరాత్రి క్యాజువాలిటీకి పరిగెత్తితే ఈసీజీ బాగానే ఉంటుంది. 'గ్యాస్ అయ్యుంటుంది' అని పంపేస్తారు. నెల తిరక్కుండా మళ్లీ అదే క్యాజువాలిటీ, మళ్లీ అదే గ్యాస్.

ఇప్పుడు వేరే దేశాల లెక్కలు పక్కన పెట్టి చూడండి. అమెరికాలో 2001-03 నాటి పెద్ద సర్వేలో ఒక్క ఏడాదిలో ఆందోళన జబ్బు ఉన్నవాళ్లు నూటికి 18 మంది. యూరప్‌లో ఆరు దేశాల్లో 21 వేల మందిని అడిగితే ఏడాదికి ఆరుగురికి పైగా, జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవాళ్లు 13.6 మంది. మనకేమో మూడున్నర. అయితే మనవాళ్ల గుండె అంత గట్టిదా?

అంత సంబరపడక్కర్లేదు. తేడాలో కొంత మనుషుల్లో ఉంటే ఉండొచ్చు, కొంత మాత్రం ప్రశ్నపత్రంలోనే ఉంది. మన సర్వే వాడింది 'మినీ' అనే పొట్టి ప్రశ్నావళి. పాములన్నా, ఎత్తులన్నా, ఇంజెక్షన్ సూదులన్నా వణికిపోయే ప్రత్యేక భయాల గురించి అది అడగదు. అమెరికా సర్వే అడిగింది. అక్కడి 18 మందిలో దాదాపు తొమ్మిది మందికి ఆ భయం ఉంది. జల్లెడ కన్నాలు వేరైతే పడే పిండి కూడా వేరే.

ఇంకో విచిత్రం చూడండి. మన సర్వేలో ఈ జబ్బులు 'ఇప్పుడు' ఉన్నవాళ్లు 3.5 శాతమైతే, 'జీవితంలో ఎప్పుడైనా' వచ్చినవాళ్లు 3.7. అంటే ఒకసారి వస్తే పోదనా? కాదు. పానిక్ తప్పిస్తే మిగతా ఆందోళన జబ్బుల గురించి మినీ అడిగేది ఈమధ్య కాలం సంగతే. పదేళ్ల కిందట వచ్చి తగ్గిపోయినదాన్ని అడగనే అడగనప్పుడు అది లెక్కలోకి ఎలా వస్తుంది? సర్వేల అంకెలు చదివేటప్పుడు నేను మొదట వెతికేది శాతం కాదు, ప్రశ్న.

దీనికి పూర్తి వ్యతిరేకంగా, పేపర్లలో అప్పుడప్పుడు 'ప్రతి ఐదుగురిలో ఒకరికి ఆందోళన' అని హెడ్డింగులు కనిపిస్తుంటాయి. అలాంటి వాటిలో చాలా మటుకు డాక్టరు పరీక్ష ఉండదు, ఫోన్లో టిక్కులు పెట్టించే ప్రశ్నలుంటాయి. 2006లో వచ్చిన జీఏడీ-7 అనే ప్రశ్నావళి వాటిలో బాగా పేరున్నది. ఏడు ప్రశ్నలు, 21 మార్కులు, పది గానీ ఆపైన గానీ వస్తే అనుమానించాలి. మంచి పనిముట్టే. దాన్ని తయారుచేసిన వాళ్ల లెక్క ప్రకారం, జబ్బు ఉన్న వందమందిలో 89 మందిని పట్టుకుంటుంది, లేని వందమందిలో 82 మందిని సరిగ్గా వదిలేస్తుంది.

వెయ్యి మంది ఉన్న ఊరు అనుకుందాం. నిజంగా ఆ జబ్బు ఉన్నవాళ్లు 30 మంది. వాళ్లలో 27 మంది దొరికారు, బాగుంది. జబ్బు లేని 970 మందిలో నూటికి 18 మంది పొరపాటున చిక్కితే ఎంత? 175. మొత్తం 202 మంది. ఇదిగో మీ 'ఐదుగురిలో ఒకరు'! అందులో అసలైనవాళ్లు ఏడెనిమిది మందికి ఒకరు. తప్పు జీఏడీ-7ది కాదు. ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో చెప్పడానికి పుట్టినదాన్ని ఊళ్లో ఎందరికి జబ్బుందో చెప్పమంటే అది మాత్రం ఏం చేస్తుంది?

సరే, మన తెలుగు రాష్ట్రాల సంగతి. రాష్ట్రాల వారీ జబ్బుల భారాన్ని లెక్కగట్టిన ఒక అధ్యయనం ప్రకారం 2017లో దేశంలో 4.49 కోట్ల మందికి ఆందోళన జబ్బులున్నాయి. జనాభాలో 3.3 శాతం. దిగులు జబ్బు, ఆందోళన రెండూ దక్షిణాది రాష్ట్రాల్లో ఎక్కువని అది తేల్చింది. కానీ అది ఇంటింటికీ తిరిగి తీసిన లెక్క కాదు. దొరికిన సర్వేలన్నీ పోగేసి, లేనిచోట గణిత నమూనాతో పూరించిన అంచనా. పక్క పొలం దిగుబడి చూసి మన చేలో ఎన్ని బస్తాలు పండుతాయో చెప్పడం లాంటిది. అనుభవమున్న రైతు చెప్తే పెద్దగా తప్పదు, అయినా తూకం వేసినట్టు కాదు.

తూకం వేయడానికి వస్తే మన దగ్గర ఇంకో చిక్కుంది. 21 దేశాల సర్వేలను కలిపి చూస్తే, ఆందోళన జబ్బు ఉన్నవాళ్లలో తమకు వైద్యం అవసరమని అనుకున్నవాళ్లే 41 శాతం. ఏదో ఒక వైద్యం అందినవాళ్లు 28 శాతం లోపు. అవసరం లేదనుకున్నవాళ్లకు అది జబ్బులా అనిపించలేదేమో, తమ స్వభావమనుకున్నారో, ఇంటి పరిస్థితులనుకున్నారో. నిమ్హాన్స్ సర్వేలోనూ ఇలాంటి సాధారణ మానసిక జబ్బులున్న వందమందిలో 85 మందికి వైద్యం లేదు.

అలాంటి మనిషి తలుపు తట్టి ఏమని అడగాలి? 'బెంగ' అంటే పుట్టింటి మీద పెట్టుకునేది. 'దిగులు' అంటే ఏడుపు కలిసినది. 'కంగారు' తొందరపాటులోకి పోతుంది. 'భయం' అంటే దేన్ని చూసి అని ఎదురు అడుగుతారు. పుస్తకాల మాట 'ఆందోళన' ఉంది కానీ, పేపర్లో అది అంగన్‌వాడీ కార్యకర్తలు రోడ్డెక్కితే వాడే మాట కూడా. 'మీకు ఆందోళన ఉందా' అంటే మా వీధిలో పెద్దాయన 'ఏ పార్టీ వాళ్లది?' అని అడిగినా అడుగుతాడు. ఆఖరికి అందరికీ అర్థమయ్యేది 'టెన్షన్'. 'టెన్షన్ ఉందా' అని అడిగితే మాత్రం లేదనేవాళ్లు దొరకరు.