అలిసిపోయే ఇనుము, అలిసిపోయే ఎముక

మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు జెర్సీ విప్పితే లోపల నల్లగా, బిగుతుగా ఒక పొట్టి బనియను కనిపిస్తుంది. అదెందుకని ఒక పాఠకురాలు అడిగారు. వీపు మీద, రెండు భుజాల ఎముకల మధ్య దానికో చిన్న జేబు ఉంటుంది. అందులో ఇమిడిన పరికరం ఉపగ్రహాల సాయంతో ఆటగాడి వేగాన్ని సెకనుకు 10 సార్లు, యాక్సిలరోమీటరుతో ఒంటి కుదుపుల్ని సెకనుకు 100 సార్లు నమోదు చేస్తుంది. ఫుట్‌బాల్ మ్యాచుల్లో ఇలాంటివి వేసుకోవడానికి 2015లో అనుమతి వచ్చింది. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని స్ప్రింట్లు అన్నవి టీవీలోనే చూపిస్తారు కాబట్టి వాటి జోలికి పోను. నన్ను పట్టుకుని వదలనిది ఆమె రెండో ప్రశ్న: గాయం కాబోతోందని ఆ పరికరానికి ముందే ఎలా తెలుస్తుంది?

ఒక పేపర్ క్లిప్ తీసుకుని తిన్నగా సాగదీయండి. మధ్యలో పట్టుకుని పూర్తిగా అటూ ఇటూ మడవండి. ఇది రాస్తూ నేనూ చేశాను. ఏడెనిమిది మడతలకే తీగ వేలికి వెచ్చగా తగిలింది, పదిహేను లోపే విరిగింది. రెండో క్లిప్పును కొంచెం కొంచెంగానే వంచుతూ పోయాను. వంద దాటాక లెక్క తప్పింది గానీ క్లిప్పు విరగలేదు.

మొదటి తీగను విరిచింది ఏ ఒక్క మడతో కాదు. ప్రతి మడతా కంటికి కనిపించని పగులును కాస్త ముందుకు జరిపింది. లోహం అలిసిపోవడం అంటే ఇదే. 1842లో వెర్సాయ్ దగ్గర రైలింజను ఇరుసు ఇలాగే విరిగి ఎంతోమంది చనిపోయారు. ఆ తర్వాత ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ ఇంజనీరు నడిచే రైళ్ల ఇరుసులకే కొలత సాధనం తగిలించి, ప్రయాణంలో అవి ఎంత వంగుతున్నాయో పట్టుకున్నాడు. ఈనాటి బనియనుకు ముత్తాత అదేనని నా అభిప్రాయం. దాదాపు అదే కాలంలో, 1855లో, బ్రైట్‌హౌప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు సుదీర్ఘ కవాతుల తర్వాత సైనికుల పాదాలు వాచి నొప్పెట్టడం గురించి రాశాడు. అవి ఎముకల్లో సన్నని పగుళ్లని తేలడానికి ఎక్స్‌రేలు రావాల్సి వచ్చింది.

ఇక అసలు లెక్క. మీద పడే బలం పెరిగినంతే నష్టం పెరగదు, ఘాతాంకంతో పెరుగుతుంది. ఎముకకు ఆ ఘాతాంకం పెద్దది. లెక్క కోసం 7 అనుకుందాం. బలం 10 శాతం పెరిగితే 1.1 ని ఏడుసార్లు వేసి గుణించాలి, 1.95 వస్తుంది. అంటే నష్టం దాదాపు రెట్టింపు. బలం ఒకటిన్నర రెట్లయితే నష్టం 17 రెట్లు. గట్టిగా పడ్డ 100 అడుగులు మామూలు 1,700 అడుగులతో సమానం! బడిలో ఘాతాంకాల్ని ఇలా ఒక తీగ చేతికిచ్చి చెబితే ఏ పిల్లా మర్చిపోదు.

అందుకే ఇద్దరు ఆటగాళ్లు చెరో 10 కిలోమీటర్లు పరిగెత్తినా వాళ్ల ఎముకలు పడ్డ కష్టం ఒకటి కాదు. ఒకరు నిలకడగా జాగింగ్ చేసి ఉండొచ్చు. ఇంకొకరు దూసుకెళ్లి, ఉన్నపళంగా ఆగి, మడమ తిప్పి మళ్లీ పరుగందుకుని ఉండొచ్చు. పరికరం చూపే మొత్తం లోడ్ అంకె సాధారణంగా కుదుపులన్నిటినీ కూడి చెబుతుంది. కూడికలో చిన్నవి వెయ్యి, పెద్దవి కొన్ని కలిసిపోతాయి. ఎముక అలా కూడదు. పైగా పరికరం ఉన్నది వీపు మీద. పరుగులో మోకాలి కింది ఎముకను ఎక్కువగా నొక్కేది పిక్క కండరం లాగుడు. అది గరిష్ఠానికి చేరేది పాదం నేలను తాకిన క్షణంలో కాదు, ఒంటి బరువు పూర్తిగా ఆ కాలి మీదికి వచ్చాక. వీపుకు ఆ లాగుడు తెలియదు.

అయితే కోచ్‌లు దేన్ని చూస్తారు? ఈ వారం లోడ్‌ను, ఈ వారంతో కలిపి గత నాలుగు వారాల సగటుతో భాగిస్తారు. ఫలితం 1.5 దాటితే ప్రమాదమని 2016లో ఆస్ట్రేలియా క్రీడా శాస్త్రవేత్త టిమ్ గాబెట్ వ్యాసం తర్వాత బాగా ప్రచారమైంది. ఈ వారం లోడ్ భాగించే సగటులోనూ ఉంటుంది కాబట్టి నిష్పత్తి దానంతటదే కొంత మెత్తబడుతుందని గణాంక నిపుణులు తప్పుపట్టారు. ఆ విమర్శ న్యాయమైనదే. ఎవరికి ఎప్పుడు గాయమవుతుందో ఈ అంకె చెప్పలేదు. ఒక్కసారిగా పెంచేశారన్న సంగతి మాత్రం చెబుతుంది. ఆటగాడు కుంటుతూ బయటికొస్తే "పాపం, టైం బాగాలేదు" అంటాం. అలిసి పగిలిన ఎముక విషయంలో ఆ మాట నేను ఒప్పుకోను. ఆ పగులు వారాల తరబడి పెరుగుతూ వచ్చింది.

తీగకూ ఎముకకూ తేడా ఒక్కటే, ఎముక తనను తాను బాగుచేసుకుంటుంది. ముందు ఒక రకం కణాలు దెబ్బతిన్న చోటును రెండు మూడు వారాల పాటు తొలిచేస్తాయి. తర్వాత ఇంకో రకం కణాలు ఆ గుంతను నింపుతాయి, దానికి మూడు నెలల దాకా పడుతుంది. విరామం తర్వాత ప్రాక్టీసు మొదలెట్టిన ఆటగాడికి మూడో నాలుగో వారానికి ఊపిరి కుదురుతుంది, వేగం తిరిగొస్తుంది, బనియను అంకెలన్నీ కళకళలాడతాయి. ఎముకలో మాత్రం అప్పటికి తవ్విన గుంతలు ఎక్కువ, పూడినవి తక్కువ. "ఇంకో నాలుగు స్ప్రింట్లు వేస్తాను సార్" అని అతను అడిగేది సరిగ్గా ఆ వారంలోనే. అప్పుడు కోచ్ ఆ గుంతలకు మూలమైన నెల కిందటి అంకెలు తీసి చూడాలి.