కుకీ లేని పాఠకుడు, ఆగని దారి మళ్లింపు

పేజీ తెరుచుకోదు. తెల్లటి తెర మీద, ఈ సైట్ మిమ్మల్ని చాలాసార్లు దారి మళ్లించిందన్న సందేశం మాత్రం కనిపిస్తుంది. ఇదే ఇబ్బంది ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో వస్తే, కుకీలను (పాఠకుణ్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తులను) ఆపేయడం వల్లో తిరస్కరించడం వల్లో ఇలా జరిగి ఉండవచ్చని అది చెబుతుంది. క్రోమ్ మాత్రం ఉన్న కుకీలను తొలగించి చూడమంటుంది. ఒకరు కుకీలు లేకపోవడాన్ని అనుమానిస్తున్నారు, మరొకరు ఉండటాన్ని. విచిత్రమేమిటంటే రెండు సలహాలూ సరైనవే. ఈ చిక్కుముడి ఎలా పడిందో తెలియాలంటే వెబ్ తొలినాళ్లకు వెళ్లాలి.

1990ల ఆరంభంలో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధన కేంద్రంలో రూపొందించిన హెచ్‌టీటీపీకి, అంటే బ్రౌజర్‌కూ సైటును నడిపే సర్వర్‌కూ మధ్య సంభాషణ నియమాలకు, జ్ఞాపకశక్తి లేదు. బ్రౌజర్ ఒక పేజీ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది, అంతటితో వారి సంబంధం ముగుస్తుంది. మరుక్షణం అదే మనిషి మరో పేజీ అడిగినా సర్వర్‌కు అతను కొత్తవాడే. పరిశోధన పత్రాలు చదువుకోవడానికి ఇది చాలు. పైగా సర్వర్ మీద భారం ఉండదు. కానీ వెబ్ మీద వ్యాపారం చేయాలనుకున్నవారికి ఇది మొదటి అడుగులోనే అడ్డు తగిలింది. కొనదలచిన వస్తువులను ఎంచుకుంటూ పది పేజీలు తిరిగే మనిషిని ప్రతి పేజీలోనూ మరిచిపోయే దుకాణం ఎలా నడుస్తుంది?

1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థకు ఈ ప్రశ్న ఎంసీఐ అనే టెలికాం సంస్థ రూపంలో ఎదురైంది. కొనుగోలు సగంలో ఉన్న వివరాలను తమ సర్వర్లలో దాచుకోవడం ఎంసీఐకి ఇష్టం లేదు. నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మోంటుల్లీ ఆ బరువును పాఠకుడి కంప్యూటర్ మీదికి మార్చాడు. సర్వర్ ఒక చిన్న గుర్తును పంపుతుంది, బ్రౌజర్ దాన్ని దాచుకుని తరువాతి అభ్యర్థనతో పాటు తిరిగి చూపిస్తుంది. అదే కుకీ. ఆ ఏడాది అక్టోబరులో విడుదలైన నెట్‌స్కేప్ తొలి బీటాలోనే ఇది చేరిపోయింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా దీన్ని స్వీకరించింది.

ఈ ఏర్పాటులో మొదటి నుంచీ ఒక ఖాళీ ఉంది. సర్వర్ కుకీ పంపినప్పుడు, దాన్ని తీసుకున్నానని గానీ తీసుకోలేదని గానీ బ్రౌజర్ జవాబివ్వదు. అవతలి నుంచి మరో అభ్యర్థన వచ్చే దాకా ఆ కుకీ నిలిచిందో లేదో సర్వర్‌కు తెలియదు. ఆ రెండో అభ్యర్థనను వెంటనే రప్పించడానికి ప్రోగ్రామర్ల చేతికి అందివచ్చిన సాధనం దారి మళ్లింపు, అంటే రీడైరెక్ట్. పేజీ ఇవ్వడానికి బదులు 302 అనే కోడ్‌నూ ఒక చిరునామానూ పంపితే బ్రౌజర్ తానే ఆ చిరునామాకు వెళుతుంది. కాబట్టి కుకీ పెట్టి, మళ్లించి, తిరిగి వచ్చినప్పుడు కుకీ ఉందో లేదో చూడవచ్చు. పరీక్ష బాగానే ఉంది. లేకపోతే ఏం చేయాలన్నదే అసలు సమస్య. జాగ్రత్తగల ప్రోగ్రామర్ మళ్లించే చిరునామా చివర ఒక గుర్తు తగిలిస్తాడు. ఆ గుర్తుతో వచ్చిన మనిషి దగ్గర కుకీ లేకపోతే అక్కడితో ఆపి విషయం చెబుతాడు. మైక్రోసాఫ్ట్ వారి ఏఎస్‌పీ.నెట్ అనే సైట్ల నిర్మాణ వేదికలో ఇందుకోసం సిద్ధంగా ఒక అమరిక ఉండేది. అది చిరునామాకు ‘ఆస్పెక్స్‌ఆటోడిటెక్ట్‌కుకీసపోర్ట్=1’ అనే తోక తగిలించేది. చూడటానికి వికారమే, కానీ పని చేసేది.

ఆ గుర్తు పెట్టడం మరిచిన చోట వలయం మొదలవుతుంది. కుకీ లేదు, కనుక పెట్టి మళ్లించు. తిరిగి వచ్చాడు, కుకీ లేదు, మళ్లీ పెట్టి మళ్లించు. సర్వర్‌కు పాత సంగతి గుర్తుండదు కాబట్టి ప్రతిసారీ అదే మొదటిసారి అనుకుంటుంది. ఇలా రాసిన ప్రోగ్రామర్‌ను నిందించడానికి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. కానీ అతని కంప్యూటర్‌లో కుకీలు ఎప్పుడూ పని చేస్తూనే ఉంటాయి, కుకీ లేని రెండో దారి పరీక్షకే రాదు.

వలయాల ప్రమాదాన్ని ప్రమాణాలు రాసినవారు ముందే ఊహించారు. 1996 మేలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.0 పత్రం ఐదుసార్లకు మించి తనంతట తానుగా మళ్లవద్దని బ్రౌజర్‌కు సూచించింది. 1999 నాటి హెచ్‌టీటీపీ 1.1 పత్రం ఆ అంకెను పక్కనపెట్టి, వలయాన్ని గుర్తించే బాధ్యతను బ్రౌజర్‌కే వదిలేసింది. ఇప్పుడు బ్రౌజర్లు పాటించే ఫెచ్ ప్రమాణంలో పరిమితి 20. ఇరవై మళ్లింపులు కంటికి కనిపించకుండా కొద్ది క్షణాల్లోనే జరిగిపోతాయి. అందుకే పాఠకుడికి చివరి సందేశం తప్ప ఏమీ తెలియదు.

అసలు కుకీలను మనుషులు ఎందుకు ఆపారు? మొదట్లో కుకీలు ఉన్నాయనే చాలామందికి తెలియదు. అవి చెప్పకుండానే పని చేసేవి. 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ వీటి గురించి రాశాక కలకలం రేగింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996, 1997లలో జరిపిన విచారణల్లో కుకీలు చర్చకొచ్చాయి. కుకీల తొలి అధికారిక ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 2109 కూడా 1997లోనే వెలువడింది. రాసినవారు డేవిడ్ క్రిస్టల్, మోంటుల్లీ. పాఠకుడు చూస్తున్న సైటు కాక వేరే సైటు పెట్టే కుకీలను బ్రౌజర్లు ఒప్పుకోకూడదని, కనీసం మామూలు అమరికలో ఆపి ఉంచాలని అందులో ఉంది. నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ రెండూ ఆ మాట పట్టించుకోలేదు. ప్రకటనల వ్యాపారం అప్పటికే ఆ కుకీల మీద నిలబడటం మొదలైంది. ఆనాడే ఆ వాక్యాన్ని పాటించి ఉంటే తరువాతి ఇరవై ఏళ్ల గొడవలో సగం తప్పేదని నా అభిప్రాయం. ఎందుకంటే సైట్లన్నీ ఆ కట్టుబాటుకు లోబడే పెరిగి ఉండేవి. అలా జరగక, స్వేచ్ఛకు అలవాటుపడ్డ సైట్ల మీద ఆంక్షలు ఒక్కొక్కటిగా వచ్చిపడ్డాయి. 2001లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6, 2003లో ఆపిల్ వారి సఫారీ వేర్వేరు పద్ధతుల్లో బయటి సైట్ల కుకీలకు అడ్డుకట్ట వేశాయి. యూరప్ 2009లో తన చట్టాన్ని సవరించి కుకీలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది.

ఇదే కాలంలో మరోవైపు ఇంకో మార్పు జరిగింది. నా దృష్టిలో ఈ కథలో కీలకమైన మలుపు అదే, అయినా దాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. కుకీ లేని పాఠకుడికి పాత వెబ్‌లో ఒక ప్రత్యామ్నాయం ఉండేది. పాఠకుడి సందర్శనను గుర్తించే సెషన్ సంఖ్యను చిరునామాలోనే చేర్చేవారు. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన సైట్లలో, జావా సైట్లలో, ఏఎస్‌పీ.నెట్‌లో పొడవాటి అక్షరాల గుంపుతో కనిపించే చిరునామాలు అవే. కుకీలు ఆపినా లాగిన్ నిలిచేది. కానీ ఆ చిరునామాను స్నేహితుడికి పంపితే అతను మీ ఖాతాలోకి నేరుగా వచ్చేయగలడు. బయటి లింకు నొక్కితే ఆ సంఖ్య అవతలి సైటుకు కూడా తెలిసిపోవచ్చు. దుర్మార్గుడు తానే ఒక సంఖ్యను తయారుచేసి మీకు అంటగట్టి, మీరు లాగిన్ కాగానే అదే సంఖ్యతో లోపలికి రావచ్చు. భద్రతా నిపుణులు దీన్ని వద్దనడంలో తప్పేమీ లేదు. 2009లో వచ్చిన పీహెచ్‌పీ 5.3 నుంచి సెషన్లకు కుకీలు మాత్రమే వాడటం మామూలు అమరిక అయింది.

అంటే గోప్యత కోసం పాఠకులు కుకీలను ఆపుతున్న ఏళ్లలోనే, భద్రత కోసం సైట్లు కుకీలు లేని దారిని మూసేశాయి. రెండూ మంచి ఉద్దేశాలే. వాటి మధ్య ఇరుక్కున్నవాడికి మిగిలింది తెల్లటి తెర.

క్రోమ్ సలహా మాత్రం ఎలా సరైనది? పాత కుకీ పాడైపోయినప్పుడూ ఇదే వలయం ఏర్పడుతుంది. లాగిన్ పేజీ, కుకీ ఉంది కదా, నువ్వు లోపలే ఉన్నావు అంటూ ముఖ్య పేజీకి పంపుతుంది. ముఖ్య పేజీ ఆ కుకీని కాస్త లోతుగా పరిశీలించి, గడువు తీరిందంటూ లాగిన్‌కు తిప్పి పంపుతుంది. ఒకే సైటులోని రెండు పేజీలు ఒకే కుకీని రెండు రకాలుగా చదివితే, పాఠకుడు వాటి మధ్య బంతి అవుతాడు. కంప్యూటర్ గడియారం తప్పుగా ముందుకు నడుస్తుంటే వచ్చిన కుకీ వచ్చినట్టే గడువు దాటినదిగా చెరిగిపోవచ్చు కూడా. కుకీలన్నీ తెరిచే ఉంచాను కదా అని తల పట్టుకునేవారు ఒకసారి తేదీ, సమయం చూసుకోవడం మంచిది.

గత దశాబ్దంలో ఈ లోపం ఎక్కువగా కనిపించింది ఉమ్మడి లాగిన్లలో. పని చేసే సైటు ఒకటి, గుర్తింపు తనిఖీ చేసే సైటు మరొకటి. పాఠకుణ్ని ఒకదాని నుంచి ఇంకొకదానికి, అక్కడి నుంచి వెనక్కి మళ్లించడమే ఈ పద్ధతికి ప్రాణం. తిరిగి వచ్చే ఆ అడుగులో మొదటి సైటు తన కుకీని చూడలేకపోతే అతను కొత్తవాడనుకుని మళ్లీ తనిఖీకి పంపుతుంది. తనిఖీ సైటుకు అతను ఇంతకుముందే తెలుసు, ఏమీ అడగకుండా వెంటనే వెనక్కి పంపేస్తుంది. మనిషి ప్రమేయం లేకుండానే ఇరవై పూర్తవుతాయి.

2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80 సరిగ్గా ఈ అడుగునే కదిలించింది. వేరే సైటు నుంచి వచ్చే అభ్యర్థనలతో కుకీని పంపాలా వద్దా అని నిర్ణయించే ‘సేమ్‌సైట్’ అమరికలో, ఏమీ రాయని కుకీలను అప్పటి నుంచి కట్టుదిట్టంగా చూడటం మొదలుపెట్టింది. కోవిడ్ రోజుల్లో అత్యవసర సైట్లు దెబ్బతినకూడదని ఏప్రిల్‌లో వెనక్కి తగ్గి, జూలైలో మళ్లీ అమలు చేసింది. కొత్త నియమానికి తగ్గట్టు సైట్లు తమ కుకీలకు ‘నన్’ (ఏ ఆంక్షా వద్దు) అని రాస్తే, ఐఓఎస్ 12 నడిచే ఐఫోన్లు ఒక లోపం వల్ల దాన్ని అతి కఠినమైన ‘స్ట్రిక్ట్’గా చదివాయి. ఏ బ్రౌజరో చూసి ఒక్కొక్కరికి ఒక్కో రకంగా కుకీ పంపాల్సిన దుస్థితి ప్రోగ్రామర్లకు దాపురించింది. అదే ఏడాది మార్చిలో సఫారీ బయటి సైట్ల కుకీలను పూర్తిగా ఆపేసింది. రెండేళ్లలో ఆపేస్తానని 2020 జనవరిలో చెప్పిన గూగుల్, వాయిదాల మీద వాయిదాలు వేసి 2024 జూలైలో ఆ ఆలోచననే విరమించుకుంది.

ఇంత జరిగినా సందేశం మాత్రం ఎప్పటిలాగే పాఠకుడినే సర్దుకోమంటుంది. బ్రౌజర్‌ను పూర్తిగా తప్పుపట్టలేం. సర్వర్ పంపిన 302 కోడ్‌లో అది కుకీ పరీక్షో, నిజంగా పేజీ తరలిపోయిందో చెప్పే మాటే లేదు. బ్రౌజర్ ఊహించి చెప్పగలదు, అంతే. సర్వర్ దగ్గర కూడా ఇందుకు తగిన కోడ్ లేదు. 2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6585, అభ్యర్థన శీర్షికలు మరీ పెద్దవైనప్పుడు చెప్పడానికి 431 అనే కోడ్‌ను చేర్చింది. కుకీలు మితిమీరి పోగుపడితే పనికొచ్చేది అదే. కుకీ అసలే రాలేదని, అది లేకుండా పేజీ ఇవ్వలేనని చెప్పే కోడ్ మాత్రం ఆ జాబితాలో నేటికీ లేదు.