పేగులో పుండు ఎందుకు మానదు?

మన కర్నూలు, అనంతపురం వైపు విరేచనంలో రక్తం పడిందంటే మొదట మొలలే అనుకుంటారు. వేడి చేసిందని నాలుగు రోజులు మజ్జిగ, సబ్జా నీళ్లు. తగ్గకపోతే గోడమీది ప్రకటనలో చూసిన మొలల వైద్యుడు. నెలల తరబడి రక్తం, జిగట ఆగకపోతేగానీ పెద్దాసుపత్రి గడప తొక్కరు. కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం) చేశాక కొందరికి అల్సరేటివ్ కోలైటిస్ (పెద్దపేగు లోపొరలో వాపు, పుండ్లు) అని, కొందరికి క్రోన్స్ వ్యాధి (జీర్ణనాళంలో ఎక్కడైనా రాగల వాపు, పుండ్లు) అని తేలుతుంది. (క్రోన్స్‌ను తేల్చడం మన దేశంలో మరీ కష్టం, పేగు టీబీ కూడా ఇంచుమించు అలాగే కనబడుతుంది.) కోలైటిస్, క్రోన్స్ రెండింటిలోనూ రోగనిరోధక వ్యవస్థ సొంత పేగుమీదే విరుచుకుపడుతుంది. ఇప్పుడున్న మందులు చాలావరకు ఆ వాపును తగ్గించేవే. పుండు మాన్పే పని ఒంటికే వదిలేశాం.

అది ఒంటికి చేతకాని పనేం కాదు. పేగు లోపొర మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తదవుతుంది. ఎక్కడైనా చిన్నగా గీరుకుపోతే కొత్త కణాలు పుట్టేదాకా కూడా ఆగదు. అంచునున్న కణాలు పలచబడి, సాగి, పాక్కుంటూ వచ్చి కొన్ని గంటల్లోనే ఆ ఖాళీని కప్పేస్తాయి. వాటిని కదిలించే ప్రోటీన్లలో ముఖ్యమైనవి గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే కణాలను పెరగమని, కదలమని చెప్పే ప్రోటీన్లు.

వీటిలో ఈజీఎఫ్‌ది (ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్) వింత కథ. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ చిట్టెలుకల లాలాజల గ్రంథి సారాన్ని వాటి పిల్లలకు ఎక్కిస్తే, కళ్లు రావాల్సిన రోజుకంటే ముందే తెరుచుకున్నాయి. ఆ దారిలో దొరికిందే ఈజీఎఫ్. 1986లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన ఉమ్మిలోనూ, తల్లిపాలలోనూ ఇది ఉంటుంది. సంగటి ముద్ద మింగినప్పుడల్లా కొంత లోపలికి దిగుతుంది. అయితే దీన్ని అందుకునే రిసెప్టర్లు (కణం మీద ఉండే గ్రాహకాలు) ఎక్కువగా కణం పక్కన, అడుగున ఉంటాయి, తిండి వెళ్లే వైపు కాదు. పొర గట్టిగా ఉన్నంతసేపూ ఈజీఎఫ్ వాటిని చేరలేదు, చిరిగితేనే చేరుతుంది. అంటే ఎక్కడ గాయమైతే అక్కడే పని మొదలవుతుందన్నమాట. కొందరు శాస్త్రవేత్తల ఈ వాదన నాకు భలే నచ్చింది.

2003లో 24 మంది కోలైటిస్ రోగుల మీద దీన్ని పరీక్షించారు. అందరికీ పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు ఇస్తూ, సగం మందికి ఈజీఎఫ్ ఎనిమా (మలద్వారం గుండా మందు ఎక్కించడం) చేశారు. రెండు వారాలకు ఆ 12 మందిలో 10 మందికి వ్యాధి అణిగింది, మిగతా 12 మందిలో ఒక్కరికే. మరి మందుల షాపులో ఎందుకు లేదు? పరీక్ష చిన్నది, పైగా భయం పెద్దది. శెనక్కాయ చేనుకు ఎరువేస్తే గరికకూ బలమొస్తుంది కదా. ఏళ్ల తరబడి కోలైటిస్ ఉన్నవాళ్లకు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఎటూ ఎక్కువే. ఆ క్యాన్సర్‌కు వాడే సెటుక్సిమాబ్ అనే మందు పనిచేసేదే ఈజీఎఫ్ రిసెప్టర్‌ను మూసేసి.

టీజీఎఫ్-బీటా అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్ సంగతి ఇంకో రకం. వాపును అణచి, పొరను మాన్పించేది ఇదే. రోగుల పేగులో దీనికి కరువు లేదు, కానీ కణంలోపల స్మాడ్7 అనే ప్రోటీన్ ఎక్కువై దాని మాట వినబడనివ్వదు. స్మాడ్7ను తగ్గించే మోంగర్సెన్ మందు 2015లో బోలెడు ఆశ పుట్టించింది. 2017లో పెద్ద పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఇదే టీజీఎఫ్-బీటా అతిగా పనిచేస్తే మచ్చకట్టి పేగు ఇరుకైపోతుంది, అప్పుడిక చాలామందికి ఆపరేషనే.

క్రోన్స్ వచ్చిన పిల్లల్లో మరో లెక్క తప్పుతుంది. వాపు వల్ల ఎముకలను పెంచే ఐజీఎఫ్-1 అనే గ్రోత్ ఫ్యాక్టర్ పడిపోయి పొడుగు ఆగిపోతుంది. కొందరిలో కడుపునొప్పి కంటే ముందే కనబడేది ఇదే. పొడుగు పెంచుతాయని డబ్బాల పొడులు కొనిపెట్టే తల్లిదండ్రులు ముందు వాపు సంగతి చూపించుకోవాలి. అది అదుపులోకి వస్తే ఐజీఎఫ్-1 మళ్లీ పెరుగుతుంది.