బాకా, రేపియరా, విల్లా: డెక్స్ పాత్రల ఆయుధం చిక్కు ఎక్కడ మొదలైంది

ఫాంటసీ ఆర్‌పీజీలో (పాత్ర ధరించి ఆడే ఆటలో) చురుకైన పాత్రను ఎంచుకున్నవాళ్లు ఎక్కువమంది ఒకే దారి పడతారు. పాయింట్లన్నీ డెక్స్టెరిటీలో (చురుకుదనాన్ని కొలిచే అంకె, పొట్టిగా డెక్స్) పోస్తారు, చేతికి బాకో రేపియర్ అనే సన్న కత్తో ఇస్తారు. ఒక ఆటలో ఆ పాత్ర శత్రువును ఒక్క పోటుతో కూలుస్తుంది. ఇంకో ఆటలో పది పోట్లు పొడిచినా శత్రువు ప్రాణం సగం కూడా తగ్గదు. డెక్స్ అంకె దెబ్బ లెక్కలో ఏ చోట చేరుతుందన్న దాన్ని బట్టే ఇదంతా ఉంటుంది. అది గురిలో చేరవచ్చు, డ్యామేజ్‌లో చేరవచ్చు, రెండింటిలోనూ చేరవచ్చు, ఎక్కడా చేరకపోవచ్చు. ఈ విషయంలో నియమాలు యాభై ఏళ్లలో చాలాసార్లు మారాయి. పాత నియమాల నుంచి వచ్చిన నమ్మకాలు మాత్రం ఆటగాళ్లలో అలాగే మిగిలిపోయాయి.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల బల్ల ఆట తొలి రూపంలో ఆయుధం ఎంపిక సమస్యే లేదు. బాకు అయినా పెద్ద గొడ్డలి అయినా డ్యామేజ్ ఆరు ముఖాల పాచిక ఒక్కటే. డెక్స్టెరిటీ 12 దాటితే దూరం నుంచి వేసే ఆయుధాల గురికి ఒక పాయింటు కలిసేది. చురుకైనవాళ్లకు విల్లు అన్న అలవాటుకు బీజం అక్కడే పడింది. మరుసటి ఏడు వచ్చిన గ్రేహాక్ అనుబంధం ఒక్కో ఆయుధానికి ఒక్కో పాచిక ఇచ్చింది. బలానికి దగ్గరి పోరులో లాభం చేర్చింది. దొంగ వృత్తినీ వెనక నుంచి పొడిచే పోటునూ అదే తెచ్చింది.

1978 నాటి అడ్వాన్స్‌డ్ నియమాల్లో ఈ విభజన గట్టిపడింది. స్ట్రెంగ్త్ (బలం) అత్యున్నత మెట్టుకు చేరిన యోధుడికి దగ్గరి పోరులో గురికి 3, డ్యామేజ్‌కు 6 కలుస్తాయి. డెక్స్టెరిటీ 18 ఉన్న దొంగకు విల్లు గురికి 3 కలుస్తుంది, ఒంటి మీద దెబ్బ తగలడం తగ్గుతుంది. కత్తి పడితే ఆ 18 వల్ల గురికీ డ్యామేజ్‌కూ వచ్చేది సున్నా. దొంగకు దగ్గరి పోరులో మిగిలిన బలమల్లా వెన్నుపోటు గుణకమే: మొదటి నాలుగు లెవెళ్లలో రెండింతలు, 5 నుంచి మూడింతలు, 9 నుంచి నాలుగింతలు, 13 నుంచి అయిదింతలు.

గుణకం ఉన్న చోట పెద్ద పాచిక ఉన్న ఆయుధమే గెలుస్తుంది. బాకు పాచికకు నాలుగు ముఖాలు, సగటు 2.5, అయిదింతలైతే 12.5. లాంగ్ స్వార్డ్‌కు ఎనిమిది ముఖాలు, సగటు 4.5, అయిదింతలైతే 22.5. ఈ నియమాల రెండో కూర్పు మీద నడిచిన బాల్డర్స్ గేట్ (1998), దాని రెండో భాగం (2000) ఆడిన అనుభవజ్ఞులు దొంగ చేతికి బాకు ఇవ్వకపోవడానికి కారణం ఇదే. రెండో భాగంలో పది ముఖాల పాచిక ఉన్న కటానా అనే జపాన్ కత్తిని దొంగ వాడగలడు, దానితో వెన్నుపోటూ పొడవగలడు. బొమ్మలో బాకు పట్టిన దొంగ అందంగానే ఉంటాడు కానీ ఆ ఆటలో లెక్క కటానా పక్షానే ఉంది.

2000లో వచ్చిన మూడో కూర్పు ఈ లెక్కను తలకిందులు చేసింది. గుణకం పోయి, చాటుదెబ్బ తగిలినప్పుడల్లా అదనపు పాచికలు కలిసే పద్ధతి వచ్చింది: మొదటి లెవెల్లో ఒక ఆరు ముఖాల పాచిక, ఆ తర్వాత ప్రతి రెండు లెవెళ్లకు మరొకటి. ఆ పాచికలకు చేతిలోని ఆయుధంతో సంబంధం లేదు, బాకు తగిలినా రేపియర్ తగిలినా కలిసేది అంతే. అందుకని ఎన్నిసార్లు తగిలిందన్నదే ముఖ్యమైంది. రెండు చేతుల్లో రెండు చిన్న కత్తులు పట్టే దొంగ అప్పటి నుంచే లాభసాటి అయ్యాడు. 2003లో సవరించిన నియమాల ప్రకారం, రెండు కత్తుల ఫీట్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నేర్పు) ఉండి ఎడమ చేతిలో తేలిక ఆయుధం ఉంటే రెండు దెబ్బల గురికీ 2 చొప్పున తగ్గుతుంది. ఎడమ చేతిలో రేపియర్ పెడితే అది తేలిక ఆయుధం కాదు కాబట్టి 4 చొప్పున తగ్గుతుంది. రెండు రేపియర్లు పట్టి, ఇన్ని దెబ్బలు ఎందుకు తప్పిపోతున్నాయో తెలియక తికమకపడేది ఇక్కడే.

అదే కూర్పు వెపన్ ఫినెస్ అనే ఫీట్ ఇచ్చింది. దానితో డెక్స్ గురికి కలిసింది, డ్యామేజ్ మాత్రం స్ట్రెంగ్త్ చేతిలోనే ఉండిపోయింది. ఈ సగం వరమే చాలా పాత్రల అమరికలను చెడగొట్టింది. స్ట్రెంగ్త్ 8కి దించిన దొంగ ప్రతి పోటులో ఒక పాయింటు డ్యామేజ్ కోల్పోతాడు. పైగా ఆ ఫీట్‌కు మూల దాడి విలువ (లెవెల్‌తో పెరిగే పోరు నేర్పు అంకె) కనీసం 1 ఉండాలి. దొంగకు అది రెండో లెవెల్లో వస్తుంది, ఫీట్ తీసుకునే వీలు మూడో లెవెల్లో కలుగుతుంది. నెవర్‌వింటర్ నైట్స్ (2002)లో డెక్స్ దొంగ మొదటి రెండు లెవెళ్లలో గాలిని పొడుస్తున్నట్టు అనిపించేది అందువల్లే. అంతవరకు విల్లు వాడటం తెలివైన పని. ఇంకో అడ్డంకీ ఉంది: శవసైన్యానికీ యంత్ర బొమ్మలకూ ఆ నియమాల్లో చాటుదెబ్బ పాచికలు పనిచేయవు. సమాధుల్లో నడిచే కథాభాగంలో ఈ దొంగ దాదాపు ఖాళీ చేతులతో ఉన్నట్టే.

డ్యామేజ్ తలుపు పూర్తిగా తెరుచుకుంది 2014 నాటి అయిదో కూర్పులో. బాకు, షార్ట్‌స్వార్డ్, సిమిటార్, రేపియర్, కొరడా లాంటి ఫినెస్ ఆయుధాలకు గురీ డ్యామేజూ రెండూ డెక్స్ నుంచే తీసుకోవచ్చు, ఏ ఫీటూ అక్కర్లేదు. బదులుగా చాటుదెబ్బను ఒక టర్న్‌కు ఒక్కసారికి కట్టేశారు. దాంతో లెక్క మళ్లీ మారింది. బాల్డర్స్ గేట్ 3 (2023)లో 12వ లెవెల్ రోగ్‌కు (దొంగ వృత్తికి కొత్త పేరు) డెక్స్ 20 ఉంటే రేపియర్ సగటు 4.5కు 5 కలిసి 9.5 వస్తుంది. దాని మీద ఆరు పాచికల చాటుదెబ్బ సగటు 21. ఎడమ చేతి షార్ట్‌స్వార్డ్ 3.5 మాత్రమే ఇస్తుంది, ప్రత్యేక పోరు శైలి లేకపోతే ఆ 5 దానికి కలవదు. అయినా రెండో కత్తి దండగ కాదు. మొదటి పోటు తప్పితే 21 సగటు ఉన్న చాటుదెబ్బకు మరో అవకాశం అదే ఇస్తుంది. మన గురి తరచూ తప్పే శత్రువుల మీద రెండు కత్తులు, గురి ఖాయంగా కుదిరే చోట రేపియర్ అని మా అభిప్రాయం. అదే ఆటలో ఫలార్ అలూవే అనే లాంగ్ స్వార్డ్‌కు ఫినెస్ గుణం ఉంది. ఆయుధం రకం పేరు చూసి దాన్ని పక్కన పడేసే డెక్స్ ఆటగాళ్లు మంచి కత్తిని వదులుకుంటున్నారు.

పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్ (2018) మధ్యే దారి పట్టింది. రోగ్ మూడో లెవెల్లో ఒక ఆయుధ రకాన్ని ఎంచుకుంటాడు, దానికే డెక్స్ డ్యామేజ్ వస్తుంది. 11, 19 లెవెళ్లలో మరో రకాన్ని ఎంచుకునే వీలు వచ్చేదాకా, వేరే రకంలో ఎంత గొప్ప కత్తి దొరికినా ఆ లాభం దానికి రాదు.

ఈ పాచికల వంశానికి బయట మరో దారి నడిచింది. స్కైరిమ్ (2011) చురుకుదనం అనే అంకెనే తీసేసి, బాకుకు గుణకాన్ని కానుకగా ఇచ్చింది. స్నీక్ (చాటుగా మెలిగే) నైపుణ్యం 50కి చేరి అసాసిన్స్ బ్లేడ్ అనే పెర్క్ (అదనపు వరం) తీసుకుంటే, కనిపించకుండా పొడిచిన బాకు పోటు 15 రెట్లు. మూల డ్యామేజ్ 4 ఉన్న ఇనుప బాకు అప్పుడు 60 కొడుతుంది. మూల డ్యామేజ్ 15 ఉన్న ఇనుప గ్రేట్‌స్వార్డ్ చాటుగా కొట్టినా రెట్టింపై 30 దగ్గర ఆగుతుంది. కానీ శత్రువు చూసిన క్షణం నుంచి బాకు మళ్లీ 4 దగ్గరికి పడిపోతుంది. డ్రాగన్ ఎదురుగా దిగినప్పుడు బాకు ఒక్కదాన్నే నమ్ముకున్న పాత్ర నిలవలేదు, పక్కన విల్లో ఒంటిచేతి కత్తో ఉండాల్సిందే.

చరిత్ర వైపు చూస్తే విల్లును డెక్స్‌కు అప్పగించడం ఆటల సౌలభ్యమే. 1545లో మునిగిన ఇంగ్లిష్ యుద్ధనౌక మేరీ రోజ్ శిథిలాల్లో దొరికిన పొడవు విళ్లను లాగడానికి వంద పౌండ్లకు పైనే బలం కావాలని పరిశోధకుల అంచనా. నిజమైన రేపియర్లు కూడా కిలో బరువుకు అటూఇటూ ఉండేవి, మామూలు ఒంటిచేతి కత్తి కంటే తేలికేమీ కాదు.

డార్క్ సోల్స్ కోవకు చెందిన సోల్స్ ఆటలు ఆయుధానికే అక్షరం తగిలించాయి. డెక్స్ పక్కన ఎస్ (S) ఉంటే ఆ అంకె వల్ల దెబ్బ బాగా పెరుగుతుంది, ఈ (E) ఉంటే నామమాత్రం. ఎల్డెన్ రింగ్ (2022)లో ఉచిగటానా అనే కటానాకు స్ట్రెంగ్త్ 11, డెక్స్ 15 కావాలి. స్టార్మ్‌వీల్ కోటలో దొరికే ఐరన్ వెట్‌బ్లేడ్‌తో దానికి కీన్ గుణం ఎక్కిస్తే డెక్స్ అక్షరం పెరుగుతుంది. సోంబర్ రాళ్లతో పెంచే ప్రత్యేక ఆయుధాలకు ఈ మార్పు కుదరదు, వాటి అక్షరాలను ఉన్నవి ఉన్నట్టే చూసుకోవాలి. అక్షరం నుంచి వచ్చే లాభం ఆయుధం మూల డ్యామేజ్ మీద లెక్కకట్టేది కాబట్టి, ఆట తొలి భాగంలో డెక్స్‌కు అయిదు పాయింట్లు పోయడం కంటే కత్తిని రెండు మెట్లు పెంచడం ఎక్కువ ఫలితం ఇస్తుంది.

స్ట్రెంగ్త్ అర్హత దగ్గర ఇంకో కిటుకు ఉంది. కత్తిని రెండు చేతులతో పడితే ఆట స్ట్రెంగ్త్‌ను ఒకటిన్నర రెట్లుగా లెక్కిస్తుంది. 18 అడిగే నాగకిబా అనే పొడవు కటానాకు 12 ఉన్నా సరిపోతుంది. మిగిలిన ఆరు పాయింట్లు డెక్స్‌కో ప్రాణానికో పోతాయి. అయితే రెండు కటానాలు రెండు చేతుల్లో పట్టాలనుకుంటే ఈ రాయితీ ఉండదు, పూర్తి 18 పెట్టాలి. చిన్న ఆయుధాల దెబ్బ విడివిడిగా శత్రువు రక్షణకు తగిలి ఎక్కువ అరిగిపోతుంది. శత్రువు గరిష్ఠ ప్రాణంలో కొంత శాతం కోసే రక్తస్రావం ఆ లోటు పూడుస్తుంది, ఉచిగటానా పోటు తగిలిన ప్రతిసారీ దాని మీటర్ 45 చొప్పున నిండుతుంది. అస్థిపంజరాల్లాంటి రక్తం లేని శత్రువుల మీద ఈ లాభం సున్నా. వాటి కోసం సుత్తి జాతి ఆయుధం ఒకటి పక్కన పెంచి ఉంచుకోవాలి.